చెపాక్‌లో లేచిన వేలు

తమిళంలో చదువుకున్నవాణ్ణి, నా తెలుగులో తప్పులుంటే మన్నించండి.

పోయిన ఆదివారం గుడియాత్తంలో మన పిల్లల మ్యాచ్‌లో ఒక రనౌట్ మీద అరగంట గొడవైంది. బ్యాటు గీత మీద ఉంది కాబట్టి నాటౌట్ అని కొందరు పట్టుబట్టారు. గీత మీద ఉంటే చాలదండీ, గీత దాటి లోపల నేల తాకాలి. రూలు అదే. కానీ అంపైరుగా నిలబడిన అబ్బాయి ముఖం చూస్తే నాకు 1986 గుర్తొచ్చింది.

ఆ ఏడు సెప్టెంబరు 22, సోమవారం. మదరాసు చెపాక్‌లో ఆస్ట్రేలియాతో టెస్టు, ఐదో రోజు. డీన్ జోన్స్ ఆ ఎండలో వాంతులు చేసుకుంటూ 210 కొట్టి ఆసుపత్రిలో చేరిన మ్యాచ్ అది. మనకు లక్ష్యం 348. నేను డ్యూటీ ముగించుకుని కాట్పాడిలో మా బావగారింట్లో ట్రాన్సిస్టర్ ముందు కూర్చున్నాను.

చివరి ఓవర్ గ్రెగ్ మాథ్యూస్‌ది. నాలుగు పరుగులు కావాలి, ఒకే వికెట్టు ఉంది. రవిశాస్త్రి రెండో బంతికి రెండు, మూడో బంతికి ఒకటి తీశాడు. స్కోర్లు సమం. నాలుగో బంతిని మణిందర్ సింగ్ ఆపాడు. ఐదోది ప్యాడ్‌కు తగిలింది. అంపైర్ విక్రమరాజు వేలెత్తేశాడు. మనం 347కి ఆలౌట్, మ్యాచ్ టై.

"సమమైనాక అవుటైతే ఏం, కాకపోతే ఏం, ఎలాగూ టైయే కదా" అన్నాను నేను. బావగారు కోప్పడ్డారు. చివరి జట్టు ఆలౌటైతేనే టై. వికెట్టు మిగిలి ఆట ముగిస్తే స్కోర్లు సమమైనా డ్రాయే. అంటే ఆ వేలు లేకపోతే, ఆఖరి బంతికి ఒక్క పరుగు తీస్తే గెలుపు, లేదంటే డ్రా. 1960లో బ్రిస్బేన్ తర్వాత టెస్టుల్లో అది రెండో టై. మూడోది ఇంతవరకూ రాలేదు.

ముందు బ్యాటుకే తగిలిందని మణిందర్ ఈనాటికీ అంటాడు. బ్యాటుకు తగిలితే ఎల్బీడబ్ల్యూ లేదు, అందులో వాదన లేదు. విక్రమరాజు మాత్రం తన మాట మార్చుకోలేదు. ఆయనకు అది రెండో టెస్టు. తర్వాత ఇంకో టెస్టు ఆయనకు దక్కలేదు.

చాలా ఏళ్ళు నేనూ ఆయన్ని తిట్టుకున్నాను. ఇప్పుడు అలా అనిపించడం లేదు. ఆ రోజుల్లో ఏ దేశంలో ఆడితే ఆ దేశపు అంపైర్లే. సొంతవాళ్ళకు సాయం చేస్తారని బయటి జట్లన్నీ గొణిగేవి. మరి ఇక్కడ, ఇంతమంది మనవాళ్ళు చూస్తుండగా, మన అంపైరే మనకు వ్యతిరేకంగా వేలెత్తాడు! పొరబడి ఉండొచ్చు, పక్షపాతం మాత్రం కాదు.

రెండు నెలలైనా కాకముందే, నవంబరులో లాహోర్‌లో పాకిస్తాన్, వెస్టిండీస్ టెస్టుకు మన హైదరాబాదు వి.కె. రామస్వామి, పీలూ రిపోర్టర్ అంపైర్లుగా వెళ్ళారు. తటస్థ అంపైర్ల పద్ధతి అక్కడ ఊపందుకుంది. 1992లో డర్బన్‌లో టీవీ చూసి చెప్పే మూడో అంపైర్ వచ్చాడు. మొదట అవుటైంది మన టెండూల్కరే.

మన గుడియాత్తం మైదానంలో టీవీ లేదు. వచ్చే ఆదివారం కూడా ఆ అబ్బాయినే నిలబెట్టమని కార్యదర్శిగారిని అడిగాను. సరేనన్నారు.