డబ్బాలోని వీరులు

సింధనూరు దగ్గర మా క్యాంపులో పాత ఇల్లు సర్దుతుంటే అటక మీద ఒక బిస్కెట్ల డబ్బా దొరికింది. మూత తీస్తే నా చిన్ననాటి బొమ్మకార్డులు! 1992లో అమెరికాలో అచ్చయిన ఎక్స్-మెన్ వీరుల జట్టు. జిమ్ లీ అనే చిత్రకారుడు గీసిన నూరు కార్డుల వరుస అది. అమెరికాలో ఉండే మా పెదనాన్నగారబ్బాయి తెచ్చిస్తే నాకు దక్కినవి ముప్ఫై ఒకటి.

ఈ కార్డులకు పుట్టినిల్లు సిగరెట్ పెట్టె. 19వ శతాబ్దం చివరి భాగంలో అమెరికా కంపెనీలు పెట్టె నలిగిపోకుండా లోపల అట్టముక్క పెట్టేవి. ఖాళీ అట్ట ఎందుకని దానిమీద ఆటగాళ్లనూ నటీమణులనూ అచ్చువేశారు. తర్వాత వరుస సంఖ్యలు వచ్చాయి. కిటుకంతా అక్కడే ఉంది. ఏడు, తొమ్మిది చేతికొస్తే ఎనిమిది కోసం మనసు లాగుతుంది. అది పక్కవాడి దగ్గరుంటుంది. ఇక బేరం మొదలు.

అయితే వీరుల జట్టును ముక్కల మీద చిత్రించడం మనకు కొత్త కాదు. మన గంజీఫా ఆట ఉంది కదా! రాయచూరు కోసం శ్రీకృష్ణదేవరాయలు యుద్ధం చేసింది 1520లో. ఆ తర్వాత ఏడేళ్లకు, 1527లో, బాబరు సింధులోని షా హసన్‌కు గంజీఫా ముక్కలు పంపినట్టు తన స్వీయచరిత్రలోనే రాసుకున్నాడు. ఆ ఆటనే మనవాళ్లు దశావతారాలకు మలచుకున్నారు. పది అవతారాలు, ఒక్కో అవతారానికి పన్నెండు ముక్కలు, మొత్తం 120. మత్స్యావతారానికి చేప గుర్తు, పరశురాముడికి గొడ్డలి. పగలు ఆడితే రాముడి ముక్క ఉన్నవాడు, రాత్రయితే కృష్ణుడి ముక్క ఉన్నవాడు ఆట మొదలుపెట్టాలి. నిర్మల్ కళాకారులూ, మైసూరు కళాకారులూ ఈ గుండ్రటి ముక్కలను చేత్తో చిత్రించారు. అచ్చుపేక చవకగా దొరికాక ఆ కుంచెలకు పని తగ్గిపోయింది.

మళ్లీ మా క్యాంపుకు వద్దాం. 1953లో తుంగభద్ర ఆనకట్ట పూర్తయి ఎడమ కాలువకు నీళ్లొచ్చాక కోస్తా జిల్లాల రైతులు వచ్చి కట్టుకున్న ఊళ్లివి. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. బడిలో అందరి జేబుల్లోనూ కుస్తీవీరుల ట్రంప్ కార్డులు. ఎత్తు, బరువు, ఛాతీ అని ఒకడు పిలిస్తే పెద్ద అంకె ఉన్నవాడు ఎదుటివాడి ముక్క గెలుచుకునేవాడు. మావాళ్లు చాలామంది కన్నడంలో అంకెలు గడగడా చెప్పడం నేర్చుకున్నది పలక మీద కాదు, ఆ ఆటలోనే. కన్నడ పిల్లలు "నీదెంత?" అని తెలుగులో అడగడం నేర్చిందీ అక్కడే.

డబ్బా అడుగున అలాంటి కుస్తీకార్డు ఒక్కటుంది. ఒకటో ర్యాంకుది. అది నాది కాదు. నా పక్క బెంచీ మిత్రుడిది. ఒక్క రాత్రికని అడిగి తీసుకుని, "నాళె కొడ్తీని" అన్నాను. రేపు ఇస్తానని అతని భాషలోనే మాటిచ్చాను. ఆ వేసవికే వాళ్ల నాన్నకు బదిలీ అయింది. ఆ రేపు ఇంతవరకూ రాలేదు.

నూటిరవై ముక్కల గంజీఫా అయినా, పిల్లల ట్రంప్ కట్ట అయినా ఒక ముక్క పోతే వెలితే. అతని కట్టకు ఆ వెలితి తెచ్చింది నేను. అందుకే నా ముప్ఫై ఒక్క వీరులనూ డబ్బాలోనే ఉంచి, ఆ ఒక్క కార్డును జేబులో పెట్టుకున్నాను. పాత మిత్రుల దగ్గర అతని ఊరు కనుక్కుంటున్నాను. మీ అటక మీద కూడా ఒక డబ్బా ఉండే ఉంటుంది. ఒకసారి దించి చూడండి. అందులో మీది కానిది ఏదైనా ఉందేమో!