గ్యారిసన్ హాలు నుంచి ఖాన్ దాదా దాకా

సికింద్రాబాద్‌కు పాత పేరు లష్కర్. ఉజ్జయినీ మహంకాళి జాతరను ఇప్పటికీ లష్కర్ బోనాలనే అంటారు. లష్కర్ అంటే దండు. 1798 సంధితో నిజాం రాజ్యంలో దిగిన ఈస్టిండియా కంపెనీ పటాలాలు హుస్సేన్‌సాగర్‌కు ఉత్తరాన డేరాలు వేసుకున్నాయి. 1806లో మూడో నిజాం సికందర్ జా పేరు మీద అక్కడే ఊరు వెలిసింది. నేరాన్నీ నవ్వునూ కలిపి చెప్పే తెలుగు సినిమాకు ఒక వేరు ఈ దండు ఊరి సినిమా హాళ్లలో ఉంది.

ఇక్కడి తిరుమలగిరిలో సైనికుల కోసం గ్యారిసన్ అనే హాలు ఉండేది. 1934 డిసెంబర్ 14న అదే తిరుమలగిరిలో పుట్టిన శ్యామ్ బెనెగళ్‌కు సినిమా పిచ్చి పట్టింది అక్కడే. తండ్రి శ్రీధర్ బెనెగళ్ ఫొటోగ్రాఫరు. ఆయన ఇచ్చిన కెమెరాతో శ్యామ్ పన్నెండేళ్లకే తొలి చిత్రం తీశాడు. ఆ తర్వాత చదువుకునే రోజుల్లో హైదరాబాద్ ఫిల్మ్ సొసైటీని స్థాపించాడు. పటాలం వాళ్ల కాలక్షేపానికి కట్టిన హాలు ఊరి పిల్లవాడికి బడి అయింది.

దొరలు వెళ్లిపోయినా ఇంగ్లిష్ బొమ్మల అలవాటు పోలేదు. మిగతా తెలుగు పట్టణాల్లో అవి ఎక్కువగా మార్నింగ్ షోలకే పరిమితమయ్యేవి. ఇక్కడ మ్యాట్నీకీ, ఫస్ట్ షోకీ కూడా ఆడేవి. 1960ల చివర్లో వచ్చిన సంగీత్ థియేటర్‌కు ఆ సినిమాలతోనే పేరొచ్చింది. ప్యారడైజ్ టాకీసులో 1953లో చిన్న క్యాంటీన్‌గా మొదలైన హోటల్ బిర్యానీకి ప్రసిద్ధికెక్కింది. ఆ టాకీసూ లేదు, సంగీతూ లేదు. రెండు చౌరస్తాలకు మాత్రం వాటి పేర్లే నిలిచాయి. బస్సు కండక్టర్లు ఇప్పటికీ ఆ పేర్లే కేకేస్తారు.

ఇంగ్లిష్ బొమ్మల్లో, దొంగల ముఠా కథను నవ్వుతో చెప్పడంలో బ్రిటిష్ సినిమా చేయి తిరిగినది. 1955లో ఈలింగ్ స్టూడియో తీసిన ‘ది లేడీకిల్లర్స్’ ఆ వరసలో పెద్ద మెట్టు. లండన్‌లో కింగ్స్ క్రాస్ స్టేషన్ దగ్గర ఒంటరి ముసలావిడ ఇంట్లో ఐదుగురు దొంగలు సంగీత బృందమని చెప్పి దిగుతారు. దోపిడీ గుట్టు ఆవిడకు తెలిసిపోతుంది, చంపడానికి మాత్రం ఎవరికీ చేతులు రావు. చివరికి ఒకరినొకరు మట్టుపెట్టుకుంటారు. శవాలు వంతెన మీద నుంచి గూడ్సు బండిలో పడుతుంటే హాలంతా నవ్వుతుంది. ముసలావిడగా వేసిన కేటీ జాన్సన్‌కూ, రచయిత విలియం రోజ్‌కూ బాఫ్టా అవార్డులు వచ్చాయి. 1999లో బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ ఎంచిన వంద ఉత్తమ బ్రిటిష్ చిత్రాల్లో దానికి 13వ స్థానం దక్కింది. 1998లో గై రిచీ ‘లాక్, స్టాక్ అండ్ టూ స్మోకింగ్ బ్యారెల్స్’తో ఈ తరహా మళ్లీ ఊపందుకుంది.

అప్పటికే తెలుగువాళ్లు తమ దారి వెతుక్కున్నారు. రామ్‌గోపాల్ వర్మ సికింద్రాబాద్ సెయింట్ మేరీస్ హైస్కూలు విద్యార్థి. ఇంజినీరింగ్ చదివి, అమీర్‌పేటలో వీడియో లైబ్రరీ నడిపి, 1989లో ‘శివ’తో దర్శకుడయ్యాడు. 1991లో వచ్చిన ఆయన ‘క్షణక్షణం’ ఈ కోవలో మొదట చెప్పుకోవలసిన సినిమా. బ్యాంకు దోచిన ముఠాలో ఒకడు సొమ్మంతా కాజేసి దాచేస్తాడు. దాన్ని చేరే దారి ఒక చిన్న రసీదు. ఫొటో స్టూడియో కవరులో పడి అది ఏ పాపం తెలియని ఉద్యోగిని సత్య చేతికొస్తుంది. దానికోసం పరేశ్ రావల్ వేసిన నాయర్ ముఠా ఆమెనూ, వెంకటేశ్ వేసిన చిల్లరదొంగ చందూనూ అడవుల దాకా తరుముతుంది. సత్య భయపడేకొద్దీ ప్రేక్షకుడికి నవ్వొస్తుంది. సత్యగా వేసిన శ్రీదేవి ప్రతిభ అక్కడే తెలుస్తుంది. ఆమెకు ఉత్తమ నటి, వర్మకు ఉత్తమ దర్శకుడి నంది అవార్డులు దక్కాయి.

‘శివ’కు వర్మ దగ్గర పనిచేసిన శివనాగేశ్వరరావు, వర్మ నిర్మాతగా 1993లో ‘మనీ’ తీశాడు. అద్దె కట్టలేని ఇద్దరు కుర్రాళ్లు, జె.డి. చక్రవర్తీ చిన్నా, డబ్బున్న ఇల్లాలు జయసుధను ఎత్తుకుపోతారు. సొమ్మివ్వకపోతే చంపేస్తామని భర్తకు ఫోన్ చేస్తారు. పరేశ్ రావల్ వేసిన ఆ భర్తకు కావలసిందీ అదే. 1986 నాటి అమెరికన్ సినిమా ‘రూత్‌లెస్ పీపుల్’ నుంచి వచ్చిన ఎత్తుగడ ఇది. సినిమాను తెలుగువాళ్లది చేసింది మాత్రం బ్రహ్మానందం ఖాన్ దాదా. ఊరు భయపడే దాదాకు సినిమా హీరో కావాలన్నదే జీవితాశయం. లండన్ దొంగలను వాళ్ల మర్యాదే దెబ్బతీసింది, ఖాన్ దాదాను సినిమా పిచ్చి దెబ్బతీస్తుంది. నవ్వు ఎక్కడ పుట్టాలో ఆ సమాజమే నిర్ణయిస్తుంది కనుక, ఈ పాత్రను అరువు సరుకనడం తప్పు.

జనం ‘మనీ’ని అక్కున చేర్చుకున్నారు. ‘మనీ మనీ’ అనే కొనసాగింపు కూడా వచ్చింది. 2001లో ఇ. నివాస్ ‘మనీ’ని హిందీలో ‘లవ్ కే లియే కుఛ్ భీ కరేగా’గా తీశాడు. ఖాన్ దాదా అక్కడ జానీ లీవర్ వేసిన అస్లం భాయ్ అయ్యాడు. 1997లో వర్మ ‘అనగనగా ఒక రోజు’లో బ్రహ్మానందం మైకేల్ జాక్సన్ అనే చిల్లరదొంగగా కనిపించాడు, నంది కూడా అందుకున్నాడు. హాస్యనటుడి పాత్రే నేరకథకు ఇరుసు కాగలదని ‘మనీ’, ‘అనగనగా ఒక రోజు’ చూపించాయి.

తర్వాత చాలాకాలం ఈ దారి సన్నబడింది. 2013లో సుధీర్ వర్మ తొలి చిత్రం ‘స్వామి రారా’తో మళ్లీ కదిలింది. అందులో అందరూ వెంటపడేది దొంగిలించిన వినాయకుడి విగ్రహం కోసం. 2019 డిసెంబర్‌లో రితేశ్ రాణా ‘మత్తు వదలరా’ ఒక డెలివరీ బాయ్‌ను శవం ముందు నిలబెట్టి నవ్వించింది. 2024లో దానికి రెండో భాగమూ వచ్చింది.