పల్లె మరచిపోని పిల్లలు: బ్రిటిషు గ్రామచరిత్రలు, బాల్యస్మృతులు

ఇంగ్లండులో ప్రతి పారిష్ చర్చియందును జ్ఞానస్నానములను, వివాహములను, ఖననములను ఒక పుస్తకమున వ్రాసి ఉంచవలెనని 1538లో ఎనిమిదవ హెన్రీ మంత్రి థామస్ క్రామ్వెల్ ఆజ్ఞాపించినాడు. నాటినుండి ఆ దేశపు పల్లెలలో సామాన్యునికి సైతము చరిత్రలో మూడు పంక్తులు దక్కినవి. పుట్టినాడు, పెండ్లాడినాడు, మరణించినాడు. ఈ మూడు పంక్తుల నడుమ గడచిన అరువది డెబ్బది యేండ్ల బ్రతుకును గూర్చి ఆ పుస్తకము మౌనము వహించును. అతడేమి తిన్నాడు, ఎంత కూలికి పని చేసినాడు, ఏ బావినీరు త్రాగినాడు, అతని బిడ్డలు బడికి ఎంత దూరము నడచినారు అను ప్రశ్నలకు అందు సమాధానము లేదు.

ఆ మౌనమును పండితులు చాలకాలము పట్టించుకొనలేదు. 17, 18 శతాబ్దులలో ఇంగ్లండున జిల్లాచరిత్రలు విరివిగా వెలువడినమాట నిజమే. అవి భూస్వాముల వంశవృక్షములతో, చర్చిగోపురముల వర్ణనలతో, సమాధిఫలకములపై లిఖితములతో నిండియుండెడివి. హాంప్‌షైరులోని సెల్బోర్న్ గ్రామమున మతాచార్యుడుగా నుండిన గిల్బర్ట్ వైట్ 1789లో ప్రకటించిన గ్రంథము వీనికి కొంత భిన్నమైనది. ఒక చిన్న పల్లెలోని పక్షులను, చెట్లను, వానలను, పురాతన విశేషములను ఓపికతో గమనించి వ్రాసినచో అది ప్రపంచము చదువదగిన గ్రంథము కాగలదని ఆయన నిరూపించినాడు. అయినను సెల్బోర్న్ కూలివాని కంఠస్వరము అందును వినబడదు. ఆ స్వరము వినబడుటకు మరి నూట యేబది యేండ్లు పట్టినది. వినిపించినది ఒక రాతిపనివాని కుమార్తె.

ఆక్స్‌ఫర్డ్‌షైరునకు ఈశాన్యమున జూనిపర్ హిల్ అను కుగ్రామము కలదు. 1876 డిసెంబరు 5న అచట ఫ్లోరా టిమ్స్ జన్మించినది. పదునాల్గవ యేట ఆమె సమీపమున ఫ్రింగ్‌ఫర్డ్ గ్రామమందలి తపాలా కచ్చేరిలో చేరినది. పెద్ద చదువు చదువలేదు. వివాహానంతరము ఫ్లోరా థాంప్సన్ అను పేరిట వ్యాసములు, కథలు వ్రాసి కొంత సంపాదించుకొన్నది. 1939లో, అరువది రెండేండ్లు నిండిన పిమ్మట, ఆమె తన బాల్యమును గూర్చిన 'లార్క్ రైజ్' ప్రకటించినది. 1941లోను, 1943లోను మరి రెండు భాగములు వెలువడినవి. ఆ మూడును కలసి 1945లో 'లార్క్ రైజ్ టు కాండిల్‌ఫర్డ్' అను ఏకసంపుటమైనవి. గ్రంథమందు ఆమె 'నేను' అనలేదు. తనకు లారా అనియు, తమ్మునికి ఎడ్మండ్ అనియు, ఊరికి లార్క్ రైజ్ అనియు పేర్లు పెట్టి, చరిత్రకారుడు దూరమునుండి చూచినట్లు చూచి వ్రాసినది.

ఆమె చూపిన ఊరు గోధుమచేల నడుమ సుమారు ముప్పది ఇండ్ల ఊరు. కూలివానికి వారమునకు పది షిల్లింగులు. అందుతోనే ఇంటి అద్దె, ఎనిమిదిమంది పదిమంది పిల్లల తిండి, చెప్పులు సాగవలెను. ప్రతి ఇంటి పెరటిలో ఒక పంది. అది కుటుంబమునకు ఆస్తియే కాదు, గర్వకారణము కూడ. ఆదివారము మధ్యాహ్నము ఇరుగుపొరుగువారు వచ్చి దొడ్డిగోడకు ఆనుకొని పందిని మెచ్చుకొనిపోవుట అచటి మర్యాద. పిల్లలు ఒకటిన్నర మైలు నడచి బడికి పోవుదురు. మగపిల్లలు పదకొండు పన్నెండేండ్లకే పొలము పట్టుదురు. ఆడపిల్లలు పన్నెండు పదుమూడేండ్లకే పెద్దయిండ్లలో పనికత్తెలుగా ఇల్లు విడుతురు. కోతలైన పిమ్మట స్త్రీలు, పిల్లలు పొద్దుపొడుపు మొదలు చేలలో వంగి పరిగ ఏరుదురు. రెండుమూడు వారములు ఏరిన గింజ మరపట్టించిన పిండియై శీతకాలమున ఆ యింటి రొట్టె యగును.

ఇంతవరకు చదివినవానికి ఇది కేవలము పేదరికపు వర్ణనగా తోచవచ్చును. కాని లార్క్ రైజ్ లోని అసలు చరిత్ర ఆ ఊరి ముసలివారి నోట వెలువడినది. శాలీ అను వృద్ధురాలు తన బాల్యమును లారాకు చెప్పును. ఆమె తండ్రికి ఆవు, బాతులు, కోళ్లు, పందులు, గాడిదబండి ఉండెడివట. ఇవన్నియు ఎట్లు సాధ్యమైనవి? ఊరిచుట్టును ఉమ్మడి బీడు ఉండెడిది గనుక. అచట ఎవరి పశువులనైనను మేపుకొనవచ్చును, వంటచెరకు తెచ్చుకొనవచ్చును. 19వ శతాబ్ది మధ్యమున ఆ బీడునకు కంచె పడినది. శాలీ ఇంటివారు తమ సొంత ఇల్లు, కొంత నేల నిలుపుకొనగలిగిరి గాని, తక్కినవారు వారపుకూలికి దాసులైరి.

ఆ కంచెల కథ ఇంగ్లండు చరిత్రలోనే మహాఘట్టము. 1750, 1850 సంవత్సరముల నడుమ ఉమ్మడి భూములను విభజించి కంచెలు వేయుటకు పార్లమెంటు సుమారు 4,000 చట్టములు చేసినది. ఆ చట్టముల ప్రతులు, భూముల పటములు దస్తావేజుల భాండారములలో ఉన్నవి. ఎవరికి ఎన్ని ఎకరములు వచ్చినదియు వానిలో కలదు. ఎవరి గాడిదబండి పోయినదియు వానిలో లేదు. అది ఒక ముసలమ్మ జ్ఞాపకములోను, దానిని విన్న పసిపిల్ల జ్ఞాపకములోను మాత్రమే నిలిచినది. ఆ ఊరిలోనే క్వీనీ అను మరియొక వృద్ధురాలు తేనెటీగలు పెంచుచు, చిన్ననాడు నేర్చిన లేసు అల్లిక తలచుకొనుచుండును. యంత్రముల లేసు చౌకగా వచ్చినది, చేతిలేసు కొనువారు లేకపోయిరి. పారిశ్రామిక విప్లవమను పెద్దమాటకు ఆ యింటిలో అర్థము ఇంతమాత్రమే.

శాసనము ఎట్లు పుట్టినదియు పార్లమెంటు చరిత్ర చెప్పును. అది పల్లెకు ఎట్లు చేరినదియు ఇట్టి గ్రంథము చెప్పును. 1908లో వృద్ధాప్యపు పింఛను చట్టమై, 1909 జనవరి నుండి డెబ్బది నిండిన నిరుపేదలకు వారమునకు అయిదు షిల్లింగుల వరకు లభించినది. ఆ సొమ్ము తీసికొనుటకు తపాలా కచ్చేరికి వచ్చిన ముసలివారు కన్నీరు పెట్టుకొని, బల్లవెనుక కూర్చుండిన పిల్లయే తమకా సొమ్ము ఇచ్చుచున్నట్లు భావించి, ఆమెకు తమ తోటలోని పూలు, ఆపిలుపండ్లు తెచ్చి ఇచ్చెడివారని ఫ్లోరా థాంప్సన్ వ్రాసినది. ఒక చట్టమునకు ఇంతకు మించిన వ్యాఖ్యానము దుర్లభము.

జ్ఞాపకము ఎంతవరకు నమ్మదగినది? ఈ ప్రశ్న తప్పించుకొనరానిది. తరువాతి పరిశోధకులు జనాభా లెక్కల పత్రములతో లార్క్ రైజ్ ను సరిపోల్చి, అందు కల్పన కొంత కలసినదని చూపినారు. గ్లాస్టర్‌షైరు లోయలోని స్లాడ్ గ్రామమున పెరిగిన లారీ లీ విషయమున ఈ ప్రశ్న న్యాయస్థానపు వాకిటికే చేరినది. 1914లో పుట్టిన ఆయన తన బాల్యమును 1959లో 'సైడర్ విత్ రోజీ' అను గ్రంథముగా వెలువరించినాడు. అందు ఒక కర్మాగారము తగులబడుటను గూర్చి చేసిన ప్రస్తావన పరువునష్టపు వ్యాజ్యమునకు దారితీయగా, తరువాతి ముద్రణలలో ఆ భాగమును మార్చవలసివచ్చినది. పసితనమున ఊరివారు గుసగుసలాడగా విన్నది వేరు, రుజువు చేయదగినది వేరు.

అయినను అదే గ్రంథములో ఏ దస్తావేజును చెప్పలేని సత్యము కలదు. యేబది యేండ్లు కాపురము చేసిన ఒక వృద్ధ దంపతులు జబ్బుపడి, తమను తాము చూచుకొనలేని స్థితికి రాగా, వారిని పేదలను ఉంచు వర్కుహౌసునకు తరలించినారు. అచటి నియమము ప్రకారము స్త్రీలు ఒకవైపు, పురుషులు మరొకవైపు. జీవితమున ఎన్నడును వేరుగా నుండని ఆ ఇరువురు వారము తిరుగకముందే ఇద్దరును మరణించినారు. 1834 నాటి పేదల చట్టమందు ఈ విభజన ఒక నిబంధన. లారీ లీ పుస్తకమందు అది ఒక శిక్ష. పింఛను చట్టమై దశాబ్దము దాటిన పిమ్మట కూడ ఆ పాతశిక్ష పల్లెలలో బ్రతికియుండెనని తేదీల పట్టిక చూచినవానికి తెలియదు.

స్మృతిని శాస్త్రముగా పెంపొందించినవారును ఆ కాలముననే బయలుదేరినారు. వేల్సు దేశమునుండి వచ్చిన జార్జ్ ఎవార్ట్ ఎవాన్స్ 1948లో సఫోక్ జిల్లాలోని బ్లాక్స్‌హాల్ గ్రామమున స్థిరపడినాడు. పొరుగున నున్న గొఱ్ఱెలకాపరులు, గుఱ్ఱపు నాగళ్లు దున్నినవారు మాటలాడుకొను పదములలో కొన్ని శతాబ్దుల వ్యవసాయము దాగియున్నదని ఆయన గ్రహించినాడు. ట్రాక్టరు వచ్చినది. గుఱ్ఱము పోవుచున్నది. గుఱ్ఱముతోపాటు ఆ పదములును పోవును. ఆయన వారి యిండ్లకు పోయి కూర్చుండి, అడిగి, విని, వ్రాసినాడు. 1956లో వెలువడిన ఆయన గ్రంథము పేరునకు 'గడ్డి కోసినవారినే అడుగుడు' అని అర్థము. ఆ పేరే ఒక చరిత్రసూత్రము. అంతకు ముందు యేడు డబ్ల్యు. జి. హాస్కిన్స్ ఇంగ్లండు భూదృశ్యము ఎట్లు ఏర్పడినదో వివరించి, పొలముగట్టు వంపు, దారి మలుపు, కంచె తిన్నదనము కూడ చదువదగిన దస్తావేజులేనని చాటినాడు. 1969లో రొనాల్డ్ బ్లైత్ 'ఏకెన్‌ఫీల్డ్' అను కల్పితనామముతో సఫోక్ పల్లెవాసుల మాటలను వారి నోటనే చెప్పించినాడు.

పట్టణములకును ఇట్టి చరిత్రకారులు దొరకినారు. మాంచెస్టరు ప్రక్కనున్న సాల్ఫర్డ్ మురికివాడలో 1905లో పుట్టిన రాబర్ట్ రాబర్ట్స్ తన తల్లి నడపిన వీథిమూల దుకాణమునుండి లోకమును చూచినాడు. ఎవరికి అప్పు ఇవ్వవచ్చును, ఎవరికి ఇవ్వరాదు అను నిర్ణయమే ఆ వాడలో కులమువంటి అంతస్తులను ఏర్పరచెడిదని 1971లో ప్రకటించిన 'ది క్లాసిక్ స్లమ్' లో ఆయన వివరించినాడు. పేదవారందరును ఒక్కటిగా, సుఖముగా ఉండిరను తీపికల్పనను ఆయన దరిచేరనీయలేదు. బాల్యస్మృతి అనగా బెంగమాత్రమే కానక్కరలేదనుటకు ఆ గ్రంథము నిదర్శనము.

తెలుగుదేశమునకు ఈ కథతో ఒక పాతబంధము కలదు. స్కాట్లండునకు పడమట లూయిస్ ద్వీపమందలి స్టోర్నవే పట్టణమున పుట్టిన కాలిన్ మెకంజీ 1783లో భారతదేశమునకు వచ్చి, 1815లో భారత సర్వేయర్ జనరలై, 1821లో ఇచటనే మరణించినాడు. స్వదేశమునకు తిరిగిపోలేదు. ఏలూరువాడైన కావలి వెంకట బొఱ్ఱయ్య, అతని సోదరులు తోడ్పడగా ఆయన ఊరూర చేకూర్పించిన కైఫియత్తులు నేటికిని ఆంధ్ర గ్రామచరిత్రకు ప్రధానమైన గని. గుడి ఎవరు కట్టించిరి, చెరువు ఎవరు త్రవ్వించిరి, మాన్యము ఎవరిది అను వివరము వానిలో కరణములు చెప్పినారు. దూరద్వీపమున పుట్టినవాడు తెలుగు పల్లెల కథలు కూర్చినాడు గాని, స్టోర్నవే వీథులలో తన బాల్యమును గూర్చి ఒక పుస్తకము వ్రాసిపెట్టలేదు. కైఫియత్తులలోను పరిగ ఏరిన పిల్ల లేదు. కరణమునకు తెలిసినది భూమి. ఆ భూమిమీద ఆకలిగొన్న బిడ్డకు తెలిసినది వేరొకటి. ఈ రెండును కలసినప్పుడే ఊరి చరిత్ర పూర్తియగును. మొదటిది కాగితముపై ఉన్నది గనుక కొంతకాలము ఆగగలదు. రెండవది మనుష్యులలో ఉన్నది గనుక వారితోనే పోవును.

'లార్క్ రైజ్' గ్రంథపు చివరిపుట ఈ సత్యమును నిరాడంబరముగా చెప్పును. జీవితమంతయు నాగలి వెంట నడువవలెనని ఎదిగిన ఆ ఊరి పిల్లలు 1914లో యుద్ధమునకు పోయినారు. ఆ చిన్న ఊరినుండి పోయినవారిలో పదకొండుగురు తిరిగి రాలేదు. చర్చిగోడపై ఇత్తడిరేకున వారి పేర్లు చెక్కినారు. గ్రంథమందలి పట్టికలో కడపటి పేరు ఎడ్మండ్. అతడు 1916లో మరణించిన రచయిత్రి తమ్ముడే. ఇత్తడిరేకు చెప్పగలిగినది పేరు మాత్రమే. ఆ పేరుగల పిల్లవాడు ఏ దారిన ఒకటిన్నర మైలు నడచి బడికి పోయెనో చెప్పుటకు, అతనితో నడచిన అక్క ఒకతె మిగిలియుండుటయు, ఆమె వ్రాయుటయు అవసరమైనవి.