అక్వేరియంలో నీటి ప్రవాహం: ఏ చేపకు ఎంత?

కొత్తగా అక్వేరియం పెట్టిన ఇళ్లలో తరచూ జరిగేదే ఇది. రంగు చూసి ముచ్చటపడి ఒక ఫైటర్ చేపను తెచ్చి రెండడుగుల ట్యాంకులో వేస్తారు. దుకాణంలో ఇచ్చిన ఫిల్టర్ బిగించి ఆన్ చేస్తారు. మొదటి రోజు చేప ట్యాంకంతా కలియదిరుగుతుంది. వారం తిరిగేసరికి ఫిల్టర్ వెనకో, మొక్క చాటునో నక్కి ఉంటుంది. మేత తగ్గిస్తుంది. తోక అంచులు చిరుగుతాయి. జబ్బు చేసిందనుకుని నీలం మందో పచ్చ మందో తెచ్చి నీళ్లలో కలుపుతారు. దాంతో ఫలితం ఉండదు. చాలాసార్లు అక్కడ ఉన్నది జబ్బు కాదు, అలసట. ఆ చేప వారం రోజులుగా ఒక్క క్షణం కూడా ఆగకుండా ఎదురీదుతూనే ఉంది.

నీటి శుభ్రత గురించి, మేత గురించి, ట్యాంకు సైజు గురించి దుకాణంలో ఎంతో కొంత చెబుతారు. నీరు ఎంత వేగంగా కదలాలన్నది మాత్రం ఎవరూ చెప్పరు. కొనేవారూ అడగరు. ఏ చేప తెచ్చినా అదే ఫిల్టర్, అదే ధార.

బాక్సు మీద అంకె చెప్పేదేమిటి?

ఫిల్టర్ బాక్సు మీద 300, 600, 1000 అంటూ ఒక అంకె ఉంటుంది. పంపు గంటకు ఎన్ని లీటర్ల నీటిని తోడుతుందో చెప్పే లెక్క అది. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న ట్యాంకులో అంచు దాకా నింపితే సుమారు 56 లీటర్లు పడతాయి. పైన రెండంగుళాలు ఖాళీ వదిలి, అడుగున గులకరాళ్లు పరిస్తే మిగిలేది 45 లీటర్లు. దానికి 600 లీటర్ల ఫిల్టర్ పెడితే ట్యాంకులోని నీరంతా గంటకు 13 సార్లు తిరుగుతున్నట్టు లెక్క. మామూలు మిశ్రమ ట్యాంకుకు నాలుగైదు సార్లు తిరిగితే సరిపోతుందన్నది చేపలు పెంచేవాళ్లు ఎన్నో ఏళ్లుగా పాటిస్తున్న కొలత. ఫైటర్‌కు రెండు మూడు సార్లు చాలు.

అయితే ఆ అంకెను పూర్తిగా నమ్మడానికీ లేదు. లోపల స్పాంజ్ గానీ, నీటిని ఎత్తాల్సిన ఎత్తు గానీ లేకుండా, ఖాళీ పంపుకు వచ్చే లెక్క అది. ట్యాంకు మూత మీద పెట్టే టాప్ ఫిల్టర్‌లో నీరు పైకెక్కాలి కాబట్టి అక్కడ కొంత తగ్గుతుంది. స్పాంజ్‌లో మురికి పట్టే కొద్దీ ఇంకా తగ్గుతుంది. అసలు ఎంత వస్తోందో తెలుసుకోవడానికి ఓ లీటరు సీసా చాలు. ఫిల్టర్ నుంచి పడే నీటిని సీసాలో పట్టి, నిండటానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూసి, 3600ను ఆ అంకెతో భాగించాలి. 12 సెకన్లలో నిండితే గంటకు 300 లీటర్లు. ధార నీటి లోపలే బయటికొచ్చే ఫిల్టర్లకు ఈ పద్ధతి కుదరదు. వాటికి కళ్లే కొలత.

ఇక్కడే ఒక తికమక ఉంది. నీటిని శుభ్రపరచడం వేరు, నీటిని తోయడం వేరు. చేప విసర్జించే అమోనియాను మొదట నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మార్చేది స్పాంజ్ మీద, రాళ్ల మీద పెరిగే బ్యాక్టీరియా. వాటికి కావలసింది ఉండటానికి చోటు, ప్రాణవాయువు ఉన్న నీరు నిదానంగానైనా ఆగకుండా తగలడం. అంతే గానీ, నీరు అద్దానికి కొట్టుకునేంత ధార వాటికి అక్కర్లేదు. పెద్ద స్పాంజ్ గుండా మెల్లగా పోయే నీరు, చిన్న డబ్బా గుండా దూసుకుపోయే నీటి కంటే బాగా శుభ్రపడవచ్చు. శక్తిమంతమైన ఫిల్టర్ అంటే గట్టిగా ధార కొట్టేది అని మన దుకాణాల్లో స్థిరపడిన నమ్మకం చేపలకు చేటు చేస్తోంది.

నిలవ నీటి చేపలు, వాగు చేపలు

ఫైటర్ సొంత ఊరు థాయ్‌లాండ్, దాని చుట్టుపక్కల ప్రాంతాలు. అక్కడి వరి చేలలో, చిత్తడి నేలల్లో, మోకాలి లోతు కూడా లేని నీళ్లలో బతికే చేప అది. మన కొర్రమీను లాగే నీటి పైకి వచ్చి గాలి పీల్చుకోగలదు. అందుకే ప్రాణవాయువు తక్కువున్న నిలవ నీటిలోనూ నెట్టుకొస్తుంది. అడవి ఫైటర్‌కు రెక్కలు పొట్టిగా ఉంటాయి. మనం కొనే రకాల్లో కుచ్చుల్లా వేలాడే రెక్కలు మనుషులు తరాల తరబడి ఏరి పెంచినవి. కుచ్చిళ్లు పోసిన చీరతో వాగులో ఈదమన్నట్టే దాని పరిస్థితి.

బెంగాల్, బంగ్లాదేశ్, అస్సాం చెరువుల్లో దొరికే గురామీలదీ అదే స్వభావం. హనీ గురామి, డ్వార్ఫ్ గురామి అనే పేర్లతో మన దుకాణాల్లో కనిపించేవి ఇవే. అక్కడ వీటిని ఖొలిషా అంటారు. ఈస్టిండియా కంపెనీలో పనిచేసిన స్కాట్లాండ్ వైద్యుడు ఫ్రాన్సిస్ హామిల్టన్ గంగా పరీవాహకంలోని చేపలపై 1822లో వెలువరించిన పుస్తకంలో వీటిని మొదటిసారి శాస్త్రీయంగా వర్ణించాడు. మగ గురామి నీటి మీద నురగతో గూడు కడుతుంది. పై పొర కదులుతూ ఉంటే ఆ గూడు నిలవదు. తన ఇంట్లో గురామి గుడ్లు పెట్టడం లేదని వాపోయేవాళ్లు ముందు ఫిల్టర్ మూతిని చూడాలి.

అదే పుస్తకంలో హామిల్టన్ వర్ణించిన మరో చేప జీబ్రా డేనియో. ప్రపంచమంతా ప్రయోగశాలల్లో వాడే జీబ్రా ఫిష్ ఇదే. డేనియో అన్న మాట వరి పొలాన్ని సూచించే బెంగాలీ పేరు ‘ధానీ’ నుంచి వచ్చింది. అక్వేరియం పుస్తకాల్లో దీన్ని వాగు చేపగా రాస్తారు గానీ, పేరే చెబుతున్నట్టు పొలాల నిలవ నీటిలోనూ, పారే కాలువల్లోనూ ఉంటుంది. కాబట్టి కాస్త ఎక్కువైనా, కాస్త తక్కువైనా సర్దుకుపోతుంది. కొత్తవాళ్లకు ఇంతకంటే నచ్చజెప్పగలిగే చేప లేదు.

అసలైన వాగు చేప కావాలంటే పడమటి కనుమలకు వెళ్లాలి. ‘మిస్ కేరళ’ పేరుతో అమ్మే డెనిసన్ బార్బ్ కేరళ, కర్ణాటక కొండల్లోని రాళ్ల వాగుల చేప. ఫ్రాన్సిస్ డే 1865లో దీన్ని వర్ణించి, అప్పటి మద్రాసు గవర్నర్ విలియం డెనిసన్ పేరు పెట్టాడు. ఎర్రటి గీతతో బాణంలా ఉండే దాని ఒళ్లు చూస్తేనే తెలుస్తుంది, అది ఆగి ఉండటానికి పుట్టింది కాదని. దాదాపు ఆరంగుళాలు పెరుగుతుంది, గుంపుగా తిరుగుతుంది. దీనికి నాలుగడుగుల ట్యాంకు, ఒక చివరి నుంచి మరో చివరికి సాగే ప్రవాహం, చల్లని, ప్రాణవాయువు నిండిన నీరు కావాలి. వీటిలో ఏది తగ్గినా కష్టమే. అడవి వాగుల్లో విపరీతంగా పట్టడం వల్ల కూడా ఇది అంతరించే ప్రమాదమున్న జాతుల జాబితాలో చేరింది. ఫారంలో పెంచినదేనా అని అడిగి కొనడం మంచిది.

రాతికి అతుక్కుని బతికే హిల్‌స్ట్రీమ్ లోచ్‌లు ఇంకా ఒక మెట్టు పైన. పొట్ట పలకలా ఉండి, రెక్కలు రెండు వైపులా గొడుగులా పరుచుకుని రాయిని పట్టుకుంటాయి. వీటిని పెంచేవాళ్లు నీటిని గంటకు పది, పదిహేను సార్లు తిప్పుతారు. అది కూడా ఒకే దిశలో. నియాన్ టెట్రా, ఏంజెల్ ఫిష్, డిస్కస్ లాంటి అమెజాన్ చేపలకు మాత్రం నెమ్మది నీరే ఇష్టం.

గోల్డ్ ఫిష్‌తో వచ్చే చిక్కు

మన ఇళ్లలో ఎక్కువగా కనిపించే గోల్డ్ ఫిష్ ఈ వర్గాల్లో దేనిలోనూ ఇమడదు. బాగా తింటుంది, బాగా విసర్జిస్తుంది. కాబట్టి ఫిల్టర్ గట్టిదే కావాలి. కానీ ఒరాండా, బ్లాక్ మూర్, రాంచు లాంటి బంతి ఆకారపు రకాలు సరిగా ఈదలేవు. రాంచుకైతే వీపు మీద రెక్కే లేదు. గట్టి ఫిల్టర్ పెడితే చేప కొట్టుకుపోతుంది, చిన్నది పెడితే నీరు పాడవుతుంది. దీనికి మార్గం ఒక్క పెద్ద పంపు కాదు. ట్యాంకు రెండు మూలలా రెండు పెద్ద స్పాంజ్ ఫిల్టర్లు, వారం వారం కొంత నీరు మార్చడం. తోక సన్నగా, ఒళ్లు పొడవుగా ఉండే కామెట్ గోల్డ్ ఫిష్‌కు ఈ బాధ లేదు. ఆ రెండు రకాలనూ ఒకే ట్యాంకులో వేస్తే మాత్రం మేతంతా కామెట్‌దే.

ధారను మచ్చిక చేసుకోవడం

ఇప్పటికే ఉన్న ఫిల్టర్ ధాటి ఎక్కువైతే కొత్తది కొనక్కర్లేదు. ముందు మూతిని అద్దం వైపు తిప్పి చూడండి. గోడకు తగిలిన ధార సగం చచ్చిపోతుంది. మూతిని వెడల్పు చేయడం ఇంకా మంచిది. గొట్టం వ్యాసం రెట్టింపైతే అంతే నీరు నాలుగో వంతు వేగంతోనే బయటికొస్తుంది. వరసగా రంధ్రాలున్న స్ప్రే బార్ చేసే పని అదే. అయితే ఆ రంధ్రాలు మరీ సన్నగా ఉంటే సూదుల్లాంటి ధారలు వస్తాయి. ట్యాంకు అంచుకు తగిలించే ఫిల్టర్‌కు, నీరు పడే చోట స్పాంజ్ ముక్క పెట్టినా పని జరుగుతుంది. నీటిని లాగే వైపు కూడా ఒక స్పాంజ్ తొడగాలి. ఫైటర్ రెక్కలు, పిల్ల చేపలు అక్కడే ఇరుక్కుంటాయి.

పంపు ధాటి తగ్గించాలంటే బయటికొచ్చే గొట్టం వైపే తగ్గించాలి. లోపలికి లాగే వైపు నొక్కేస్తే పంపు అరిగిపోతుంది. ఎయిర్ పంప్‌కైతే ట్యూబును మడిచి కట్టడం కంటే, ఒక వాల్వ్ పెట్టి ఎక్కువైన గాలిని బయటికి వదిలేయడం మేలు.

ధార ఎంత తగ్గించినా పై పొర మాత్రం అలల్లా కదులుతూ ఉండాలి. నీటిలోకి ప్రాణవాయువు చేరేది ఆ పొర నుంచే. బుడగలు చేసే మేలు కూడా ఎక్కువగా పై నీటిని కదపడమే. ఎండాకాలంలో ఇది ప్రాణాల మీదికి వచ్చే విషయం. 20 డిగ్రీల నీరు లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువును పట్టుకోగలదు. 30 డిగ్రీలకు అది ఏడున్నరకు, 35 డిగ్రీలకు ఏడు లోపుకు పడిపోతుంది. వేడికి చేపకు కావలసింది మాత్రం పెరుగుతుంది. మే నెలలో విజయవాడలోనో, రామగుండంలోనో ఏసీ లేని గదిలోని ట్యాంకుకు ఈ లెక్క నేరుగా వర్తిస్తుంది. అప్పుడు స్ప్రే బార్‌ను పైకి తిప్పి పై పొరను బాగా కదపాలి.

చప్పుడుకు నిద్ర పట్టడం లేదని రాత్రిపూట ఫిల్టర్ ఆపేసే ఇళ్లు చాలా ఉన్నాయి. ఇంతకు మించిన పొరపాటు లేదు. రాత్రి మొక్కలు కూడా ప్రాణవాయువునే వాడుకుంటాయి. తెల్లారేసరికి చేపలు నోళ్లు తెరిచి నీటి పైన తేలడం ఇందుకే. ఫైటర్, గురామి అప్పుడప్పుడూ పైకొచ్చి గాలి పీల్చడం మామూలే. గోల్డ్ ఫిష్, టెట్రాలు, బార్బ్‌లు అలా చేస్తే మాత్రం వెంటనే చూడాలి.

చేపే చెబుతుంది

చేప ప్రవాహానికి ఎదురుగా తల పెట్టి నిలవడం సహజం. ఒంటి పక్కన ఉండే పార్శ్వ రేఖతో అది నీటి కదలికను పసిగడుతుంది. కాబట్టి ఎదురుగా నిలిచినంత మాత్రాన కంగారు పడనక్కర్లేదు. తోక ఆగకుండా కొట్టుకుంటోందా, మొప్పలు ఎగసిపడుతున్నాయా, రెక్కలు ఒంటికి ముడుచుకున్నాయా అన్నది చూడాలి. చేపలన్నీ ఒకే మూలకు చేరితే ఆ మూలలోనే ప్రవాహం లేదని అర్థం. చిటికెడు మేత వేసి అది ఎటు పోతుందో గమనించండి. చేప నోటికి అందకముందే గుండ్రంగా తిరిగి ఫిల్టర్‌లోకి పోతుంటే ధాటి ఎక్కువైనట్టు. మరోవైపు, రాళ్ల మధ్య ఒకేచోట చెత్త పేరుకుపోతుంటే అక్కడికి నీరు చేరడం లేదని.

మూడు నాలుగడుగుల ట్యాంకులో ఒక చివర ధార, మరో చివర మొక్కలు, కర్ర దుంగలు పెట్టి రెండు రకాల నీళ్లూ సృష్టించవచ్చు. రెండడుగుల ట్యాంకులో అంత చోటు ఉండదు. అందులో ఫైటర్‌నూ, మిస్ కేరళనూ కలిపి పెట్టే మార్గం లేదు.

కరెంటు కోతలున్న ఊళ్లలో ఇంకో రెండు జాగ్రత్తలు తీసుకోవాలి. ఎయిర్ పంప్ నీటి మట్టం కంటే కింద ఉంటే, కరెంటు పోయినప్పుడు ట్యూబు గుండా నీరు వెనక్కి వచ్చి పంపులోకి, అక్కడి నుంచి నేల మీదికి చేరుతుంది. ట్యూబు మధ్యలో ఒక చెక్ వాల్వ్ పెడితే ఆగుతుంది. మూసి ఉండే క్యానిస్టర్ ఫిల్టర్ గంటల తరబడి ఆగిపోతే లోపల ప్రాణవాయువు అయిపోయి బ్యాక్టీరియా చచ్చిపోతుంది. కరెంటు రాగానే ఆ కుళ్లిన నీరంతా ట్యాంకులోకి వస్తుంది. అలాంటప్పుడు ఫిల్టర్‌ను తెరిచి, స్పాంజ్‌ను ట్యాంకు నుంచి తీసిన నీళ్లతోనే కడిగి, ఆ తర్వాతే స్విచ్ వేయాలి. కుళాయి నీళ్లతో కడిగితే అందులోని క్లోరిన్ మిగిలిన బ్యాక్టీరియానూ చంపుతుంది.