కనపడని అక్షరం కథ

మొన్నామధ్య ఒక శుక్రవారం సాయంత్రం నేను కొన్ని వందల మంది పేర్లు పాడుచేశాను. కావాలని కాదండోయ్, బాగుచేద్దామనే మొదలుపెట్టాను. మన వృత్తిలో జరిగే ఘోరాలు చాలావరకు అలాగే మొదలవుతాయి లెండి.

మా క్లయింటు ఒకరి దగ్గర సభ్యుల పేర్లన్నీ తెలుగులో ఉండే డేటాబేసు ఉంది. అందులోంచి గుర్తింపు కార్డులు అచ్చు వేసుకుంటారు. "రాజ్‌కుమార్ అని కొడితే ఒక్కడూ రావట్లేదు, జాబితాలో చూస్తే మాత్రం ఎదురుగానే ఉన్నాడు" అని టికెట్టు వచ్చింది. చూస్తే నిజమే. జాబితాలోంచి కాపీ చేసి పేస్టు చేస్తే దొరుకుతున్నాడు, టైపు చేస్తే దొరకట్లేదు. కంటికి రెండూ అచ్చు ఒకేలా ఉన్నాయి. ఖాళీలు ఏమైనా చివర్న చేరాయేమోనని ట్రిమ్ చేశాను, లాభం లేదు. రెండు రోజులు డేటాబేసు కొలేషన్ని అనుమానించాను, ఒక పూట నా కళ్ళని అనుమానించాను. చివరికి రెండు పేర్ల పొడవూ ప్రింటు చేస్తే ఒకటి 11, ఇంకోటి 12 అని వచ్చింది. ఆ పన్నెండోది తెరమీద ఎక్కడా లేదు!

దాని పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. యూనికోడులో నంబరు 200సి. వెడల్పు సున్నా, ఆకారం లేదు, ఖాళీ కూడా కాదు (అందుకే ట్రిమ్‌కి చిక్కలేదు). కొన్ని తెలుగు కీబోర్డులు పదం చివర పొల్లు రాగానే దీన్ని కూడా తగిలిస్తాయి. మూలం దొరికింది కదా అని సంతోషంతో డేటాబేసు మొత్తం మీద ఆ అక్షరాన్ని తుడిచేసే ఒక లైను స్క్రిప్టు నడిపాను. ఇకముందు లోపలికి రాకుండా ఇన్‌పుట్ దగ్గర కూడా అడ్డం పెట్టి, ఇంటికెళ్ళి హాయిగా పడుకున్నాను.

సోమవారం పొద్దున్నే ఆ ఆఫీసులో పేర్లు చూసే పెద్దాయన ఫోను. "బాబూ, మావాళ్ళ పేర్లన్నీ ఇలా నలిపేశావేంటి? రాజుకి కుమార్ కాళ్ళకింద పడ్డాడు." తెరిచి చూస్తే రాజ్‌కుమార్ కాస్తా రాజ్కుమార్ అయ్యాడు. జ కింద క వత్తు. ప్రేమ్‌చంద్ సంగతీ అంతే, మ కింద చ వత్తు. పేరు చివరున్న చెత్తని తీయబోయి, మధ్యలో ఉన్న అసలు సరుకు కూడా తీసేశాను. 40 కార్డులు అప్పటికే అచ్చయిపోయాయి.

తిట్లు తిన్నాక, అసలీ దయ్యం మన తెలుగులోకి ఎలా వచ్చిందో చూద్దామని కూర్చున్నాను. కథ నేననుకున్నదానికంటే పాతది.

1980లలో మన దేశంలో కంప్యూటర్లలో భారతీయ లిపులు చూపించే పని ఐఐటీ కాన్పూరులో గట్టిగా జరిగింది. అది తర్వాత పుణె సీడాక్‌కి వెళ్ళి జిస్ట్ కార్డు అయింది. అప్పటి పీసీలో ఒక కార్డు గుచ్చితే తెరమీద హిందీ, తెలుగు వచ్చేవి. దాని వెనకున్న సంకేతాల పట్టికే ఇస్కీ. 1988లో ఒక రూపం, 1991లో ఐఎస్ 13194 పేరుతో జాతీయ ప్రమాణం. అందులో గొప్ప ఆలోచన ఒకటుంది. అక్షరాన్ని దాని బొమ్మగా కాకుండా పలుకుగా దాచడం. తెలుగు క, హిందీ క, బెంగాలీ క అన్నిటికీ ఒకటే నంబరు. ఏ లిపిలో చూపించాలన్నది వేరే సంగతి. "క్ష" అని విడిగా ఒక అక్షరం ఉండదు. క, పొల్లు, ష అని మూడు దాస్తారు. వాటిని కలిపి వత్తు గీయడం ఫాంటు పని.

దీనివల్ల ఒక చిక్కు. హల్లు, పొల్లు, హల్లు వరుసగా కనిపిస్తే కంప్యూటరు వాటిని కలిపేస్తుంది. కలపొద్దని ఎలా చెప్పాలి? ఇస్కీ వాళ్ళ జవాబు నాకు భలే నచ్చింది. పొల్లు రెండుసార్లు కొట్టండి, అంతే! జ, పొల్లు, పొల్లు, క అంటే జ్ పక్కన క విడిగా వస్తుంది. కనపడని అక్షరాల గొడవే లేదు. ఆ పద్ధతే ఉండుంటే నా స్క్రిప్టుకి తుడవడానికి ఏమీ దొరికేది కాదు.

1991లో యూనికోడు మొదటి వెర్షను వచ్చింది. భారతీయ లిపుల అమరికకి 1988 నాటి ఇస్కీనే ఆధారంగా తీసుకున్నారు. (సరిగ్గా అదే ఏడాది మనవాళ్ళు కొత్త ఇస్కీ విడుదల చేశారు, అది వేరే విషాదం.) ఒక్కో లిపికీ 128 గళ్ళ పెట్టె ఇచ్చి, ఇస్కీ వరుసలోనే నింపారు. అందుకే దేవనాగరి క నంబరుకి 768 కలిపితే తెలుగు క వస్తుంది, గ కి కలిపితే గ వస్తుంది. కావాలంటే ఇప్పుడే రెండు లైన్ల కోడు రాసి చూడండి, సరదాగా ఉంటుంది. అయితే రెండు పొల్లుల పద్ధతి మాత్రం యూనికోడులోకి రాలేదు. దాని బదులు, పొల్లు తర్వాత ఈ 200సి పెట్టమన్నారు.

మనకంటే ఈ అక్షరంతో ఎక్కువ పని పడేది పార్శీ వాళ్ళకి. అరబ్బీ లిపిలో అక్షరాలు పక్కదానితో అతుక్కుంటాయి. పార్శీలో కొన్నిచోట్ల అతుక్కోకూడదు, అలాగని ఖాళీ కూడా రాకూడదు. వాళ్ళు దీన్ని "నీమ్ ఫాసెలె" అంటారు, అంటే అర ఖాళీ అని. ఒక మాటలో ఇది ఉంటే "ఒక ఉత్తరం" అని అర్థం, తీసేస్తే "పేర్లు" అని అర్థం వచ్చే జంట వాళ్ళకుంది. అంటే వాళ్ళ డేటాబేసు మీద నా స్క్రిప్టు నడిపితే ఉత్తరాలన్నీ పేర్లయిపోతాయన్నమాట :)

మరి మనకెందుకు ఇది అవసరమైంది? ఇక్కడే నాకు నిజంగా ఆశ్చర్యం వేసింది. తెలుగు అజంత భాష అని చిన్నప్పుడు తెలుగు మాస్టారు చెప్పినది గుర్తుందా? మాటలు అచ్చుతో ముగుస్తాయి కాబట్టి, మాట మధ్యలో పొల్లు దగ్గర ఆగాల్సిన పని అచ్చ తెలుగులో దాదాపు రాదు. మా తాతయ్య ఉత్తరాల్లో "హైదరాబాదులో" అనే ఉంటుంది. ద కి ఉకారం తగిలించేస్తే పొల్లూ లేదు, గొడవా లేదు. మనం "హైదరాబాద్‌లో" అని రాయడం మొదలుపెట్టాం, అప్పుడే ఈ కనపడని అక్షరం కావాల్సొచ్చింది. ఆ మాటలో "ఆబాద్" పార్శీ నుంచి వచ్చింది. పార్శీకి అంతగా అవసరమైన అక్షరం, ఒక పార్శీ ముక్క ఉన్న మన ఊరి పేరు రాయడానికే మనకూ కావాల్సొచ్చింది! వెబ్‌సైట్, సాఫ్ట్‌వేర్, ఫేస్‌బుక్ అన్నీ ఈ బాపతే. "సాఫ్టువేరు" అని రాసే పెద్దల్ని చూసి ఒకప్పుడు నవ్వుకునేవాణ్ణి. వాళ్ళ డేటాకి నా స్క్రిప్టు వల్ల వెంట్రుక కూడా ఊడదు. కానీ ఊరి పేరుకి ఉకారం తగిలించినట్టు మనిషి పేరుకి తగిలించలేం కదా. రాజ్‌కుమార్ తన పేరు ఎలా రాసుకుంటే అలాగే ఉండాలి.

పలుకుగా దాచడం వల్లే ఇంత తలనొప్పి అయితే, బొమ్మగా దాచుంటే పోయేది కదా అని మీకు అనిపించొచ్చు. ఆ ముచ్చటా జరిగింది. ఈ శతాబ్దం మొదట్లో ఈనాడు ఫాంటు ఈనాడుదే, వార్త ఫాంటు వార్తదే. ఇంగ్లీషు అక్షరాల గళ్ళల్లో తెలుగు ముక్కల బొమ్మలు పెట్టి చూపించేవాళ్ళు. అందులో జ్ ఒక బొమ్మ, కు ఇంకో బొమ్మ, పక్కపక్కన పెడితే సరి. కలుస్తాయన్న భయమే లేదు. కాకపోతే ఆ ఫాంటు మీ దగ్గర లేకపోతే ఇంగ్లీషు పిచ్చిగీతలు కనిపించేవి. వెతుకుదామంటే కుదరదు. ఒక పేపరు వార్త కాపీ చేసి ఇంకోచోట పెట్టుకోలేం. ఆ పేపర్లని యూనికోడులోకి మార్చి చూపించడానికి పద్మ అనే ఫైర్‌ఫాక్స్ పొడిగింతని నాగార్జున వెన్న తయారుచేశారు. యూనికోడు వైపున్నవాళ్ళ కష్టాలు వేరు. మా ఆఫీసులో ఒక సీనియర్ చెప్పారు, విండోస్ ఎక్స్‌పీలో తెలుగు సరిగా కనపడాలంటే కంట్రోల్ ప్యానెల్లో ఒక టిక్కు పెట్టి, అది అడిగినప్పుడు ఎక్స్‌పీ సీడీ పెట్టాల్సి వచ్చేదట. సీడీ పక్కింటివాళ్ళ దగ్గరుంటే తెలుగు కూడా వాళ్ళింట్లోనే ఉన్నట్టు. అయినా ఆ రోజుల్లో యూనికోడులో రాసినవి ఇవాళ నా ఫోనులో చక్కగా చదవగలుగుతున్నాను. ఫాంటుల్లో బొమ్మలుగా దాచినవాటికి ఎవరో ఒకరు మార్పిడి పట్టిక రాస్తే తప్ప మోక్షం లేదు. కనపడని అక్షరంతో పడే బాధ ఈ సౌకర్యానికి కట్టే కప్పం అనుకోవాలి.

సరే, నా తప్పు సంగతి. నాకంటే చాలా పెద్దవాళ్ళు కూడా ఇదే చేశారని తెలిశాక కొంచెం ఊపిరి పీల్చుకున్నాను. 2003లో డొమైన్ పేర్లు ఇంగ్లీషేతర లిపుల్లో పెట్టుకునేందుకు ఐడీఎన్ఏ ప్రమాణం వచ్చింది. కనపడని అక్షరాలతో దొంగ సైట్లు పుట్టకూడదు కదా! అందుకని దానిలోని పట్టిక 200సి ని "శూన్యంగా మార్చు" అంది. అంటే తుడిచేయడమే. నా లైనూ అదే. ఫలితం, పార్శీ మాటలు మారిపోయాయి. 200సి పక్కనే ఉండే దాని జంట అక్షరం, అంటే కలపమని చెప్పేది, అది కూడా పోవడంతో శ్రీలంక పేరులోని "శ్రీ"ని సింహళంలో సరిగ్గా రాసుకునే దారి లేకపోయింది. ఒక దేశం తన పేరు తాను సరిగ్గా రాసుకోలేదు! 2010లో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 5892లో దీన్ని సరిదిద్దారు. అక్షరాన్ని పూర్తిగా నిషేధించకుండా, ముందు పొల్లు ఉంటేనే అనుమతించు అన్నారు (అరబ్బీ లిపికి వేరే షరతు ఉంది). ఒక్క షరతు. దాన్ని కనుక్కోవడానికి ఏడేళ్ళు.

ఇక 2018 ఫిబ్రవరి. నేను బీటెక్ చదువుతున్నాను. "తెలుగు అక్షరం ఐఫోన్లని కూల్చేస్తోంది" అని ప్రపంచమంతా గోల. జ్ఞా అనే అక్షరం మెసేజిలో వస్తే ఆ యాప్ పడిపోయేది, నోటిఫికేషన్లో వస్తే ఫోనే తిరగబడేది. హాస్టల్లో మేమంతా చాలా గర్వపడ్డాం (ఐఫోన్ ఉన్న ఒక్కడు తప్ప). అప్పుడు నాకు తట్టని ప్రశ్న ఒకటుంది. విజ్ఞానం, జ్ఞాపకం అని రోజూ రాసే తెలుగువాళ్ళ ఫోన్లు ఎందుకు పడిపోలేదు? ఎందుకంటే తప్పు జ్ఞా ది కాదు. ఆ కూల్చే వరుసలో జ, పొల్లు, ఞ, తర్వాత 200సి, చివర్న ఆకారం ఉన్నాయి. దేవనాగరిలోనూ బెంగాలీలోనూ ఇలాంటి వరుసలే ఫోన్లని కూలుస్తాయని మనీష్ గోరేగావ్‌కర్ అప్పుడే విప్పి చూపించారు. (ఆయన పేరు రాయడానికీ ఆ అక్షరమే కావాల్సి వచ్చింది, గమనించారా?) ఫిబ్రవరి 19న ఆపిల్ 11.2.6 విడుదల చేసి సరిచేసింది. పేరు మాత్రం తెలుగు అక్షరం మీదే పడిపోయింది.

ఇప్పుడు ఆ వరుసని 2010 షరతుతో చూడండి. 200సి కి ముందు ఏముంది? ఞ. పొల్లు కాదు. అంటే అక్కడ దానికి చోటే లేదు. తెలుగు తెలిసినవాళ్ళెవరూ అక్కడ దాన్ని పెట్టరు. ఎనిమిదేళ్ళ ముందు డొమైన్ పేర్ల కోసం రాసిన నియమం ప్రకారం అది చెల్లని వరుస.

నా కోడు కూడా ఇప్పుడు ఆ దారిలోనే నడుస్తోంది. పేరు చివర ఉన్నది తీసేస్తాను. మధ్యలో పొల్లు తర్వాత ఉన్నది ముట్టుకోను. ఇంకెక్కడ కనిపించినా తీసేస్తాను. వెతికేటప్పుడు మాత్రం రెండువైపులా తీసేసి పోలుస్తాను, దాచిన పేరు జోలికి పోకుండా. మొత్తం ఆరు లైన్లు. మొదట రాసిన ఒక్క లైను కంటే అయిదు ఎక్కువ.

పాత పేర్లు బ్యాకప్ నుంచి వచ్చేశాయి. శనివారం వాళ్ళు కొత్తగా ఎక్కించినవి మాత్రం నా అడ్డంకి వల్ల మొదట్నుంచీ నలిగే లోపలికొచ్చాయి. వాటికి బ్యాకప్ లేదు. ప్రోగ్రాముతో సరిచేద్దామంటే, ఏ వత్తు ఉండాలో ఏది విడిపోవాలో యంత్రానికేం తెలుసు? లక్ష్మిలో వత్తులు ఉండాలి, ప్రేమ్‌చంద్‌లో ఉండకూడదు. చివరికి పెద్దాయన దరఖాస్తు కాయితాలు ముందేసుకుని ఫోనులో చదివారు, నేను ఒక్కొక్కటీ దిద్దాను. "ప్రేమ్... ఆగు బాబూ... చంద్" అని ప్రతి పేరూ విరిచి చెప్పారు పాపం. గంటన్నర పట్టింది. తిట్టలేదు కూడా, టీ తాగావా అని మధ్యలో రెండుసార్లు అడిగారు.

ఒక్క పేరు దగ్గర ఇద్దరం ఆగిపోయాం. కాయితం మీద చేతిరాత అలుక్కుపోయింది. అన్వర్ అని రాశాడో, అన్‌వర్ అని విడదీసి రాశాడో తేలలేదు. రెండూ వాడుకలో ఉన్నాయి. ఆ గడి అలాగే వదిలేయమన్నారు, ఆయన్నే అడిగి రేపు ఫోను చేస్తానన్నారు.