చదునైన బాట – ఎగుడుదిగుడు చరిత్ర

చరిత్రను రాజుల పేర్లతో చదివే అలవాటు మనకు కొంతవరకు తగ్గింది. దాని స్థానంలో ఇప్పుడు మరో అలవాటు ప్రవేశిస్తోంది. అది చరిత్రను కట్టడాల పేర్లతో చదవటం. కోట ఉన్న చోట కర్మాగారం వచ్చింది. రాజు ఉన్న చోట యంత్రాన్ని కనిపెట్టినవాడు వచ్చాడు. కోటకు రాళ్ళెత్తినవాళ్ళలాగే యంత్రం ముందు నిలబడినవాళ్ళు కూడా ఇంకా బయటే ఉన్నారు. ‘పారిశ్రామిక వారసత్వం’ అన్న మాట నేడు అన్ని దేశాల్లోనూ వినిపిస్తోంది. ఆ వారసత్వం ఎవరిది, అందులో మిగిలిందేమిటి, పోయిందేమిటి అన్నవి రచయితలు వేయవలసిన ప్రశ్నలని నా అభిప్రాయం. ఉదాహరణకు ఇంగ్లండులో డెర్బీషైర్ ప్రాంతపు సైకిల్ బాటలను తీసుకుంటాను. సైకిల్ బాటలకూ సాహిత్య పత్రికకూ ఏమి సంబంధమని ఎవరైనా అడగవచ్చు. ఆ బాటల్లో ఒకదాని పక్కనున్న మిల్లు నుంచి ఒక కార్మికుడి జీవితకథ పుట్టింది. సంబంధం అక్కడుంది.

ఇంగ్లండు నడిబొడ్డున ఉన్న పీక్ డిస్ట్రిక్ట్ అంతా మిట్టపల్లాల నేల. గుట్టల మీద పచ్చిక, పొలాల మధ్య సున్నపురాతి గోడలు, లోయల అడుగున సన్నని నదులు. అక్కడి మామూలు రోడ్ల మీద సైకిలు తొక్కేవాడికి ప్రతి మైలుకూ ఒక ఎక్కుడూ ఒక దిగుడూ తప్పవు. ఆ నేలమీదే మోటారు వాహనాలు రాని మూడు బాటలున్నాయి. హై పీక్ ట్రెయిల్ 17 మైళ్ళు, టిసింగ్టన్ ట్రెయిల్ 13 మైళ్ళు, మాన్సల్ ట్రెయిల్ ఎనిమిదిన్నర మైళ్ళు. చుట్టూ నేల లేస్తూ పడుతూ ఉంటే ఈ బాటలు చాలావరకు చదునుగా సాగిపోతాయి. పిల్లలూ వృద్ధులూ కూడా తొక్కగలరు.

ఈ చదును ప్రకృతి ఇచ్చింది కాదు. ఇవన్నీ ఒకప్పటి రైలు మార్గాలు. ఆవిరి ఇంజను బరువు లాగుతూ నిటారు ఎక్కలేదు. అందుకని మిట్టను కోసి, పల్లాన్ని కట్టతో పూడ్చి, కొండను తొలిచి, లోయ మీద వంతెన కట్టి దారిని సమం చేశారు. మన దగ్గర వడ్డెర్లు చేసిన పని అక్కడ ‘నావీలు’ అనే మట్టిపని కూలీలు చేశారు. పార, గునపం, మందుగుండు – ఇవే వాళ్ళ పరికరాలు. ఇదే కొండల ఉత్తర భాగంలో 1845లో పూర్తయిన ఉడ్‌హెడ్ సొరంగం తవ్వకంలో పాతికమందికి పైగా కూలీలు చనిపోయారు. గాయపడినవాళ్ళు అంతకు ఎన్నో రెట్లు. ఆ పనిలో చనిపోయినవాళ్ళ నిష్పత్తి వాటర్లూ యుద్ధంలో చనిపోయిన సైనికుల నిష్పత్తికంటే ఎక్కువని ఎడ్విన్ చాడ్విక్ అనే సంస్కర్త ఆనాడే లెక్కగట్టి చూపాడు. వాటర్లూ గురించి ఎన్ని పుస్తకాలు వచ్చాయో, ఉడ్‌హెడ్ గురించి ఎన్ని వచ్చాయో సాహిత్య విద్యార్థులు పోల్చి చూసుకోవచ్చు.

ఈ మార్గాల్లో హై పీక్ అతి పాతది. రెండు కాలువలను కొండ మీదుగా కలపటానికి వేసిన 33 మైళ్ళ లైను అది. 1831 నాటికి పూర్తయింది. దాని రూపకర్త జోసియాస్ జెస్సప్ కాలువల ఇంజనీర్ల కుటుంబంవాడు. అందుకే ఆ లైనును కాలువ కట్టినట్టే కట్టారు. కాలువకు లాకులున్నట్టు దీనికి ఏటవాళ్ళు, వాటి మధ్య చదును. స్టేషన్లను కూడా రేవులనే పిలిచేవారు. చదును మీద మొదట్లో గుర్రాలు లాగేవి. ఏటవాళ్ళ మీద పైనున్న స్థిర ఆవిరి ఇంజన్లు పెట్టెలను మోకులతో, గొలుసులతో పైకి లాగేవి. 1829లో తయారైన అలాంటి ఇంజను ఒకటి మిడిల్టన్ టాప్ అనే చోట నేటికీ ఉంది. ఆ లైను 1967లో పూర్తిగా మూతపడింది.

ఆ లైను మొదలయ్యే చోటు క్రాంఫర్డ్. ఆ పేరు ప్రపంచ ఆర్థిక చరిత్రలో చిన్నది కాదు. ఒకప్పుడు క్షురకవృత్తి, సవరాల వ్యాపారం చేసిన రిచర్డ్ ఆర్క్‌రైట్ 1771లో అక్కడ నీటి బలంతో తిరిగే నూలు మిల్లు పెట్టాడు. పగలూ రాత్రీ రెండు వంతులుగా పని. పనివాళ్ళలో ఎక్కువమంది పిల్లలు. పెద్ద కుటుంబాలు కావాలని ఆయన ప్రకటనలు ఇచ్చాడంటే పిల్లలు కావాలనే అర్థం. కుటుంబాలకు ఇళ్ళు కట్టించాడు, నిజమే. ఆ ఇళ్ళ పై అంతస్తు మగ్గాల కోసం. ఇల్లు కూడా మిల్లులో భాగమే. 1779లో లాంకషైర్‌లో ఆయనకు చెందిన మరో మిల్లును జనం ధ్వంసం చేసినప్పుడు క్రాంఫర్డ్‌ను ఆయుధాలతో రక్షించుకోవటానికి సిద్ధమయ్యాడు. 1786లో ‘సర్’ అయ్యాడు. జోసెఫ్ రైట్ అనే చిత్రకారుడు ఈ మిల్లును రాత్రివేళ చిత్రించాడు. వెన్నెల, కొండ, వరసలు వరసలుగా వెలుగుతున్న కిటికీలు. ఏదో రాజభవనంలో ఉత్సవం జరుగుతున్నట్టు ఉంటుంది. ఆ వెలుగు అర్ధరాత్రి పిల్లలు పని చేస్తున్నందువల్ల వచ్చిన వెలుగు. చిత్రంలో కిటికీలు కనబడతాయి, పిల్లలు కనబడరు. వారసత్వం పేరుతో నేడు జరుగుతున్నదానికి ఈ చిత్రం తొలి నమూనా అనుకుంటాను.

ఇక్కడ మన తీరం ప్రస్తావన రాక తప్పదు. 1611లో ఈస్టిండియా కంపెనీ మచిలీపట్నంలో కొఠీ పెట్టింది అద్దకపు బట్టల కోసమే. కోరమండల్ తీరపు కలంకారీ లండన్‌లో ఎంత మోజు పెంచిందంటే, పొట్టకొట్టబడిన అక్కడి పట్టు నేతగాళ్ళు 1719లో అల్లర్లకు దిగారు. అద్దకపు గుడ్డ కట్టిన స్త్రీల మీద కూడా దాడులు చేశారు. 1721లో పార్లమెంటు అద్దకపు నూలు బట్టల వాడకాన్ని నిషేధించింది. ఆ చట్టం సడలింది 1774లో. సడలించమని అడిగినవాళ్ళలో ఆర్క్‌రైట్ ముఖ్యుడు. ఇంగ్లండులో తయారైన నూలు గుడ్డకు అనుమతి దొరికింది. మన గుడ్డను గుమ్మం బయట నిలబెట్టిన ఆ యాభైమూడేళ్ళలోనే అక్కడి పరిశ్రమ నడక నేర్చింది. తరువాత ఆ మిల్లు నూలే మన నేతగాడి గుమ్మంలోకి వచ్చింది. పత్తి మాత్రం వెస్టిండీస్ నుంచీ, ఆ తరువాత అమెరికా దక్షిణాది నుంచీ – బానిసల చేతుల మీదుగా – వచ్చింది. డెర్వెంట్ లోయ మిల్లులను 2001లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. గుర్తించటం సబబే. కాని అది ‘ప్రపంచ’ వారసత్వం కావటానికి మచిలీపట్నం అద్దకంవాడూ, తోటల్లోని బానిసా కూడా కారకులని గుర్తుంచుకోవాలి.

ఇక మాన్సల్ ట్రెయిల్. 1863లో తెరిచిన ఈ రైలు మార్గం 1968లో మూతపడింది. 1981లో బాట అయింది. పొడవైన సొరంగాలను బాగుచేసి 2011లో తెరిచాక మధ్యలో దిగనక్కరలేకుండా సైకిలు మీద వెళ్ళే వీలు కలిగింది. వై నది లోయ మీద ఎత్తయిన వంతెన, మిల్లర్స్ డేల్ దగ్గర బాట పక్కనే బురుజుల్లాంటి సున్నపు బట్టీలు. ఈ రైలు మార్గం వేసినప్పుడు లోయ సౌందర్యం నాశనమైందని జాన్ రస్కిన్ తీవ్రంగా నిందించాడు. ఆ రస్కిన్ శ్రమను పట్టించుకోనివాడు కాదు; గాంధీని కదిలించిన పుస్తకం రాసినవాడే. అయినా ఆ లోయలో అంతకు ముందే జరిగిన విధ్వంసం ఆ నిందలోకి రాలేదు. రైలు రాకముందే అక్కడ లిటన్ మిల్లు ఉంది.

రాబర్ట్ బ్లింకో లండన్‌లోని సెయింట్ పాంక్రస్ వర్క్‌హౌస్‌లో పెరిగిన అనాథ. 1799లో, ఏడేళ్ళ వయసులో, దాదాపు ఎనభైమంది పిల్లలతో పాటు అతన్ని నాటింగ్‌హాం దగ్గరి నూలు మిల్లుకు బండిలో పంపారు. కాల్చిన గొడ్డుమాంసం, ప్లమ్ పుడ్డింగు, వెండి గడియారాలు దొరుకుతాయని పిల్లలను నమ్మించారట. అక్కడి నుంచి లిటన్ మిల్లుకు మార్చారు. అక్కడి యజమాని ఎల్లిస్ నీధం. ఆకలికి పందుల తొట్టిలోని పిండిముద్దలు దొంగిలించి తినటం, సరదాకోసం ఓవర్సీర్లు పెట్టిన హింస, జ్వరంతో చనిపోయిన పిల్లల శవాలను లెక్క బయటపడకుండా రెండు ఊళ్ళ చర్చి దొడ్లలో పంచి పూడ్చటం – ఇవన్నీ బ్లింకో చెప్పగా జాన్ బ్రౌన్ అనే పాత్రికేయుడు రాశాడు. దాన్ని 1828లో రిచర్డ్ కార్లైల్ తన పత్రికలో అచ్చువేశాడు. 1832లో కార్మిక సంఘ నాయకుడు జాన్ డొహర్టీ పుస్తకంగా తెచ్చాడు. మరుసటి సంవత్సరం బ్లింకో ప్రభుత్వ విచారణ సంఘం ముందు సాక్ష్యం చెప్పాడు. అదే సంవత్సరం వచ్చిన ఫ్యాక్టరీ చట్టం తొమ్మిదేళ్ళలోపు పిల్లలను నూలు మిల్లుల్లో పెట్టరాదని శాసించింది. ఒక్క పుస్తకమే చట్టం తెచ్చిందని అనను. దాని వెనుక పెద్ద ఉద్యమముంది. ఆ ఉద్యమం చేతికి అందిన ఆయుధాల్లో ఈ జీవితకథ ఒకటి.

శిల్పం దృష్ట్యా దీనికి లోపాలున్నాయి. బ్రౌన్ ఆవేశపడతాడు, మధ్యలో ప్రసంగిస్తాడు. కాని అది లేకపోతే ఏమయ్యేది? బాట కింద లోయలో నది ఒడ్డున ఉన్న లిటన్ మిల్లు ఒక అందమైన రాతి భవనం మాత్రమే అయ్యేది. ఇప్పుడక్కడ నివాసాలున్నాయి. ఆ పిల్లల సంగతి చెప్పటానికి బ్లింకో కథ తప్ప ఆ లోయలో మరో గట్టి గొంతు లేదు. కట్టడం దానంతట అది సాక్ష్యం చెప్పదు. సాక్ష్యాన్ని ఎవరో ఒకరు రాయాలి.

ఇంతవరకు విన్న పాఠకుడు, ‘అయితే ఈ బాటలు కార్మికుల ఎముకల మీద తీరికవర్గం చేసుకునే విహారమేనా?’ అని అడగవచ్చు. మన విమర్శకుల్లో కొందరు అంతటితో ముగించేస్తారు. నేను ఒప్పుకోను. ఆ ముగింపులో చరిత్రలో సగమే ఉంది.

1891లో రాబర్ట్ బ్లాచ్‌ఫర్డ్ స్థాపించిన ‘క్లారియన్’ సోషలిస్టు పత్రిక పాఠకులు 1894లో బర్మింగ్‌హాంలో సైకిల్ క్లబ్బు పెట్టుకున్నారు. వారమంతా పనిలో ఉండి ఆదివారం సైకిళ్ళ మీద పల్లెలకు వెళ్ళి పత్రికలు, కరపత్రాలు పంచేవారు. మరుసటి ఏడు ఈస్టరు సెలవుల్లో క్లారియన్ సైకిలువాళ్ళంతా కలుసుకున్నది డెర్బీషైర్‌లోని ఆష్‌బోర్న్‌లో. నేటి టిసింగ్టన్ ట్రెయిల్ మొదలయ్యేది ఆ ఊరినుంచే. వాళ్ళకు సైకిలు విహారమూ అయింది, ప్రచార సాధనమూ అయింది. పార్లమెంటుకు సైకిలు మీద వెళ్ళిన సుందరయ్యగారిని ఎరిగిన మనకు ఈ సంగతి వేరే వివరించనక్కరలేదు.

రెండోది 1932 ఏప్రిల్ 24. పీక్ ప్రాంతపు బీడు కొండలు ఆనాడు భూస్వాముల వేట కోసం మూసి ఉండేవి. మాంచెస్టర్ పరిసరాల యువ కార్మికులు వందలాదిగా కిండర్ స్కౌట్ కొండ మీదికి నిషేధాన్ని ధిక్కరించి నడిచారు. నాయకుడు బెన్నీ రాత్‌మన్ వయసు ఇరవై ఏళ్ళు. స్టేషన్లో పోలీసులు పట్టుకుంటారని ఆ రోజు సైకిలు మీద వచ్చాడు. ఐదుగురికి జైలు శిక్ష పడింది, రాత్‌మన్‌కు నాలుగు నెలలు. 1949లో జాతీయోద్యానాల చట్టం వచ్చింది. 1951లో దేశంలోకెల్లా మొదటి జాతీయోద్యానమైంది పీక్ డిస్ట్రిక్టే. రైలు మార్గాలు మూతపడినప్పుడు ఈ ఉద్యానపు పాలక సంస్థ ఉండబట్టే ఆ దారులు ముక్కలు ముక్కలుగా అమ్ముడుపోకుండా ప్రజల బాటలయ్యాయి. అంటే ఆ బాట మీద ఎవరికైనా వెళ్ళే హక్కు ఉదారంగా ఇచ్చింది కాదు, జైలుకు వెళ్ళి తెచ్చుకున్నది. విశ్రాంతి కూడా కార్మికవర్గ హక్కే. దాన్ని పెట్టుబడిదారుడి సొత్తుగా ఒప్పుకోవటం మన ఓటమి.

మూడో అంశం చేదుది. బాట పుట్టాలంటే పని చావాలి. 1963లో బీచింగ్ నివేదిక రెండు వేలకు పైగా స్టేషన్లు మూసెయ్యమంది. రైల్వేలు లాభనష్టాల ఖాతాకెక్కాయి. డెర్బీషైర్‌కు ఉత్తరంగా, డర్హం కౌంటీలోని కాన్సెట్‌లో ఉక్కు కర్మాగారం 1980లో మూతపడి దాదాపు 3,700 మంది పని పోగొట్టుకున్నారు. ఇప్పుడా ఊరిగుండా పడమటి తీరం నుంచి తూర్పు తీరానికి పోయే ప్రసిద్ధ సైకిల్ మార్గం వెళుతుంది. పాత రైలు మార్గం వెంట శిల్పాలు నిలిపారు. శిల్పాలు బాగున్నాయి. కాని శిల్పం ఉద్యోగానికి బదులు కాదు. పని పోయిన ఊరికి అందమైన జ్ఞాపకం ఇచ్చి సరిపెట్టటం నేటి పెట్టుబడికి చౌకగా దొరికిన ఉపాయం.

కాబట్టి ఒకే బాటలో మూడు చరిత్రలున్నాయి: దోపిడి చరిత్ర, పోరాట చరిత్ర, మూసివేత చరిత్ర. మొదటిదాన్ని మాత్రమే చెప్పేవాడు జనాన్ని బాధితులుగా మిగులుస్తాడు. రెండోదాన్ని మాత్రమే చెప్పేవాడు పండగ చేస్తాడు. మూడోదాన్ని వదిలేసేవాడు పర్యాటక శాఖకు కరపత్రం రాస్తాడు.

ఈ చర్చ మనకెందుకంటే, మన దగ్గరా మిల్లులు మూతపడుతున్నాయి. 1934లో వరంగల్‌లో నెలకొన్న ఆజంజాహీ మిల్లు మూతపడింది. తరాల తరబడి అక్కడ నూలు వడికినవాళ్ళ మాటలు ఎన్ని పుస్తకాల్లోకి వచ్చాయి? మన ఊళ్ళలో మూసిన ప్రతి మిల్లు గేటు దగ్గరా చెప్పడానికి సిద్ధంగా ఉన్న ముసలివాళ్ళున్నారు. రైలు కట్టలు శతాబ్దాలు నిలుస్తాయి, మనుషులు నిలవరు. కథా వస్తువు కోసం వెతుకుతున్న యువ రచయితలకు నా సూచన ఇది: ముందు వెళ్ళి వినండి, విన్నది విన్నట్టు రాయండి. శిల్పం సంగతి తరువాత చూసుకుందాం. బ్లింకో మాట దొరకటానికి ఒక పాత్రికేయుడు ఓపికగా కూర్చోవలసి వచ్చింది.