ఓబద్యా హోమ్స్: న్యూపోర్టు రైతు, బాప్టిస్టు సంఘ కాపరి

17వ శతాబ్దంలో ఇంగ్లండు నుంచి అట్లాంటిక్ దాటి ఉత్తర అమెరికా తీరాన స్థిరపడినవారిలో ఎందరో మతస్వేచ్ఛ కోసమే వెళ్ళారు గాని, ఆ స్వేచ్ఛ తమతో ఏకీభవించనివారికీ చెందుతుందా అన్న ప్రశ్నకు మసాచుసెట్స్, రోడ్ ఐలాండ్ వలసలు ఇచ్చిన సమాధానాలు పరస్పర విరుద్ధమైనవి. ఈ రెండింటినీ స్వయంగా చవిచూసినవాడు ఓబద్యా హోమ్స్. 1651లో బోస్టన్ నగరంలో ఆయన తిన్న కొరడా దెబ్బలనే చరిత్ర ఎక్కువగా గుర్తుంచుకుంది. అయితే ఆయన ఆ దెబ్బలు తిన్నది ఏ సూత్రం కోసమో, ఏకీభవించనివారికీ స్వేచ్ఛ చెందుతుందన్న ఆ సూత్రం ఆచరణలో నిలుస్తుందని రుజువైనది, ఆ తరవాత ముప్పై ఏళ్ళు ఆయన పొలం దున్నుతూ సంఘాన్ని నడిపిన కాలంలోనే.

హోమ్స్ 1610 ప్రాంతంలో మాంచెస్టర్ దగ్గరి రెడిష్ గ్రామంలో పుట్టాడు. 1630లో కేథరిన్ హైడ్‌ను వివాహమాడి, 1638 ప్రాంతంలో కుటుంబంతో మసాచుసెట్స్ చేరాడు. సేలం పట్టణం గాజు తయారీ కోసం కొందరు పనివారికి భూమి ఇవ్వగా, వారిలో ఆయన ఒకడు. 1645 ప్రాంతంలో అక్కడి నుంచి ప్లిమత్ వలసలోని రెహోబోతుకు మారాడు. అక్కడి పాదిరి శామ్యూల్ న్యూమన్‌తో విభేదించి, మరికొందరితో కలిసి విడిగా ఆరాధన మొదలుపెట్టి, పెద్దవాడై ఉండి మళ్ళీ బాప్తిస్మం పొందాడు.

ఈ చర్య ఎందుకంత నేరమైందో తెలియాలంటే నాటి వ్యవస్థను గమనించాలి. పసిబిడ్డకు ఇచ్చే బాప్తిస్మం చెల్లదనీ, విశ్వాసాన్ని తన నోట ఒప్పుకోగల వయసు వచ్చినవారికే దాన్ని ఇవ్వాలనీ బాప్టిస్టులు నమ్ముతారు. నీటిలో పూర్తిగా ముంచి ఇచ్చే ఈ బాప్తిస్మం తెలుగువారికి కొత్త కాదు. అమెరికా బాప్టిస్టు మిషన్ తరఫున 1836లో తెలుగు దేశానికి వచ్చి 1840లో నెల్లూరులో స్థిరపడిన శామ్యూల్ డే మొదలు, ఒంగోలులో పనిచేసిన జాన్ క్లౌ వరకు అందరూ ఈ పద్ధతినే పాటించారు. మసాచుసెట్స్‌ను పాలించిన ప్యూరిటన్లు, అంటే ఇంగ్లండు చర్చిని సంస్కరించి శుద్ధి చేయాలని కోరినవారు, శిశు బాప్తిస్మాన్ని సంఘానికీ సమాజానికీ పునాదిగా భావించారు. దాన్ని బహిరంగంగా ఖండించి పట్టు విడవనివారిని బహిష్కరించేందుకు 1644లో చట్టమే చేశారు.

ప్లిమత్ న్యాయస్థానంలో అభియోగం ఎదురైన తరవాత హోమ్స్ రోడ్ ఐలాండ్‌లోని న్యూపోర్టుకు తరలివెళ్ళి, జాన్ క్లార్క్ అనే వైద్యుడు కాపరిగా ఉన్న బాప్టిస్టు సంఘంలో చేరాడు. 1651 జులైలో క్లార్క్, హోమ్స్, జాన్ క్రాండల్ ముగ్గురూ మసాచుసెట్స్‌లోని లిన్ పట్టణ శివార్లలో నివసించే విలియం విటర్ అనే వృద్ధ అంధ విశ్వాసిని చూడబోయారు. ఆదివారం ఆ ఇంట్లో క్లార్క్ బోధిస్తూ ఉండగా ఇద్దరు కానిస్టేబుళ్ళు వచ్చి వారిని పట్టుకుని, ఊరి చర్చి ఆరాధనకు బలవంతంగా తీసుకువెళ్ళారు. బోస్టన్ న్యాయస్థానం క్లార్క్‌కు 20, క్రాండల్‌కు 5, హోమ్స్‌కు 30 పౌండ్ల జరిమానా వేసి, కట్టకపోతే కొరడా దెబ్బలన్నది. క్లార్క్ జరిమానాను మిత్రులు చెల్లించారు, క్రాండల్ పూచీ మీద విడుదలయ్యాడు. హోమ్స్ తరఫున చెల్లించడానికీ మనుషులు సిద్ధపడ్డారు గాని ఆయన అంగీకరించలేదు. జరిమానా ఎవరు కట్టినా చేసింది తప్పేనని ఒప్పుకున్నట్టవుతుందన్నది ఆయన అభిప్రాయం. సెప్టెంబరు 5న మూడు పాయల కొరడాతో ఆయనను 30 దెబ్బలు కొట్టారు. దెబ్బలు పూర్తయ్యాక ఆయన చేయి పట్టుకుని పలకరించినందుకు జాన్ హేజల్, జాన్ స్పర్ అనే ఇద్దరిని నిర్బంధించడం, కొరడా కంటే ఎక్కువగా ఆ పాలనలోని భయాన్ని బయటపెడుతుంది.

క్లార్క్ అదే ఏడాది లండన్ వెళ్ళి, ఈ ఉదంతంతో పాటు హోమ్స్ రాసిన లేఖను కూడా 1652లో పుస్తకంగా అచ్చువేయించాడు. 1663లో రెండో చార్లెస్ రాజు నుంచి రోడ్ ఐలాండ్‌కు చార్టర్, అంటే వలసకు పాలనాధికారమిచ్చే రాజశాసనం, సాధించినవాడూ ఆయనే. శాంతికి భంగం కలిగించనంత వరకు మతాభిప్రాయాల కారణంగా ఎవరినీ శిక్షించరాదని ఆ శాసనం స్పష్టం చేసింది.

క్లార్క్ లండన్‌లో ఉన్న పన్నెండేళ్ళ పైచిలుకు కాలంలో న్యూపోర్టు సంఘ భారం హోమ్స్ మీద పడింది. మసాచుసెట్స్‌లో పాదిరి పోషణకు ప్రజల నుంచి పన్ను వసూలు చేసేవారు గాని రోడ్ ఐలాండ్‌లో అటువంటి పన్ను లేదు. అందువల్ల కాపరి అయిన హోమ్స్ తన పొలం మీదనే బతికాడు. ఇప్పుడు మిడిల్‌టౌన్ అని పిలిచే ప్రాంతంలో ఆయన భూమి ఉండేది. ఆ అక్విడ్‌నెక్ ద్వీపం నారగాన్సెట్ తెగవారిది. 1638లో వారి నాయకుల నుంచి వలసదారులు దాన్ని పొందారన్న సంగతిని ఈ స్వేచ్ఛా చరిత్ర నుంచి విడదీయరాదు.

సంఘంలో కలహాలూ లేకపోలేదు. విశ్వాసులందరి మీదా చేతులుంచి ప్రార్థించడం తప్పనిసరి అన్నవారు 1656లో వేరుపడ్డారు. విశ్రాంతి దినం ఆదివారం కాదు, శనివారమేనన్నవారు 1671లో విడిపోయారు. ఈ రెండోవారిని హోమ్స్ తీవ్రంగా ఎదిరించాడు. సిద్ధాంత విషయంలో ఆయన మెతకవాడు కాడు. అయినా విడిపోయినవారు తమ సంఘాన్ని తాము స్థాపించుకుని అదే ఊళ్ళో నివసించారు, ఏ న్యాయాధికారీ వారికి జరిమానా వేయలేదు. బోస్టన్‌లో ఆయన సహించిన బాధకు అసలైన అర్థం ఇక్కడే కనిపిస్తుంది.

1675లో, వలసదారులకూ మూలవాసులకూ యుద్ధం సాగుతున్న రోజుల్లో, హోమ్స్ తన విశ్వాస ప్రకటననూ భార్యాబిడ్డలకు హితవచనాలనూ రాసిపెట్టాడు. 1682 అక్టోబరులో మరణించగా ఆయనను ఆయన పొలంలోనే ఖననం చేశారు. అంతకుముందే, 1665లో, న్యూజెర్సీలోని మన్మత్ ప్రాంతంలో వలస ఏర్పాటుకు హక్కుపత్రం పొందినవారిలో ఆయనా, ఆయన అల్లుడు జాన్ బౌనూ ఉన్నారు. మనస్సాక్షి స్వేచ్ఛకు హామీ ఇచ్చిన ఆ పత్రం కింద న్యూపోర్టు కుటుంబాలు కొన్ని అక్కడికి తరలివెళ్ళగా, న్యూజెర్సీలోని తొలి బాప్టిస్టు సంఘం 1688లో ఆ ప్రాంతంలోనే ఏర్పడింది.